మామిడికాయ వెయ్యలేదని రాసిన మాస్టారు

మార్చి చివరికల్లా మా ఆఫీసులోకి ఎవరో ఒకరు పచ్చి మామిడికాయలు తెస్తారు. ఈసారి మా గుమాస్తా తెచ్చాడు. పాత వార్తాపత్రిక పరిచి, పెన్సిళ్లు చెక్కే బ్లేడుతోనే ముక్కలు కోసి, ఉప్పూ కారమూ చల్లి ఒక్కో బల్ల దగ్గరికీ తిప్పాడు. కాయ తెగగానే వచ్చే ఆ జీడి వాసన గదంతా పట్టేసింది. "లీజియే మేడం" అని నా ముందు పెడితే పళ్లు జివ్వుమంటాయని చెప్పి తప్పించుకున్నాను. నా పళ్లకు ఏ రోగమూ లేదు. ఆ వాసన తగిలితే అందరికీ నోరూరుతుంది, నాకు సూర్యనారాయణ మాస్టారు గుర్తొచ్చి నోరు చేదవుతుంది. పాఠం ఎలా చెప్పాలో నాకు నేర్పిన మనిషి ఆయన. మంచి అంటే ఏమిటి, తెలిసిన మంచిని మనిషి ఎందుకు చేస్తాడు, ఎందుకు చెయ్యడు అని ఆలోచించడం నేర్పింది కూడా ఆయనే. అందుకు ఆయనకు దండం పెట్టుకోవాలో తిట్టుకోవాలో ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను.

నేను దోర్నపాల్ పిల్లను, తెలుగు సరిహద్దు అవతల హిందీ రాష్ట్రంలోని అడవి ఊరు. మా నాన్న కుంట రోడ్డు మీద జీపు నడిపేవాడు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో అక్కడి గిరిజనుల దోర్లీ మాట్లాడుతూ పెరిగాను. నాకు మొదటి ఉద్యోగం వచ్చింది ఒక ఆడపిల్లల ఆశ్రమ బడిలో. జీపు దిగి రెండు వాగులు దాటితే గానీ ఆ బడి కనిపించదు. మాస్టారు అక్కడ అధీక్షకుడు, అంటే బడీ హాస్టలూ రెండూ ఆయన చేతిలోనే ఉండేవి. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి కిరందుల్ రైలు లైను మీద గ్యాంగ్‌మన్‌గా వచ్చి స్థిరపడ్డాడు. మాస్టారు పుట్టింది రైల్వే క్వార్టర్‌లోనే అయినా మాట మాత్రం అసలు సిసలు శ్రీకాకుళం మాట. నేను "ఏంది సార్" అంటే ఆయన "ఏటమ్మా" అనేవారు. ఇద్దరం తెలుగే మాట్లాడుతున్నామా అని మా వంటమనిషి లచ్చమ్మ నవ్వేది.

నేను చేరిన మొదటి వానాకాలంలో ఒక చిన్నపిల్లకు జ్వరం వచ్చి ఒళ్లు కొట్టుకోసాగింది. వాగు పొంగింది. రేపటికి తగ్గుతుందేమో చూద్దామని మిగతా టీచర్లు అన్నారు. మాస్టారు తాడూ దుప్పటీ తెప్పించారు. పిల్లను దుప్పటితో వీపుకు కట్టించుకుని, ఛాతీ దాకా వచ్చిన నీళ్లలో తాడు పట్టుకుని అవతలికి వెళ్లిపోయారు. మూడో రోజు పిల్లను నడిపించుకుని తిరిగొచ్చారు. "మీరెంత మంచివారు సార్" అని నేను పొంగిపోయి అంటే ఆయనకు కోపం వచ్చింది. "మంచితనం ఏటమ్మా ఇందులో? నాకసలు నీళ్లంటేనే భయం. ఆ పిల్ల పేరు నా రిజిస్టర్లో ఉంది, ఎల్లాను. ప్రేమొచ్చిన రోజు ఎత్తుకుంటాను, రాని రోజు దించీస్తాను అంటే దాని గతేటి?" అన్నారు. నాకు ఇరవై రెండేళ్లు. అలాంటి మాట నేను ఎక్కడా వినలేదు. ఆ రోజు నుంచి ఆయన ఏం చెప్పినా నాకు వేదమే.

శనివారం మధ్యాహ్నం తొమ్మిదో తరగతికి ఆయన ఒక గంట తీసుకునేవారు. పాఠ్యపుస్తకంలో లేని గంట అది. ఒక చిక్కు చెప్పేవారు. మీ తోటి పిల్ల గోడ దూకి సంతకు పోయింది, నేను అడిగితే చెప్తారా, చెప్పరా? పిల్లలు ఏం చేస్తారన్నది ఆయనకు పట్టేది కాదు, ఎందుకు చేస్తారన్నదే కావాలి. కారణాన్ని బట్టి వాళ్లను మూడు వరసల్లో కూర్చోబెట్టేవారు. కట్టుబాటు కాబట్టి అన్నవాళ్లది కిటికీ పక్క వరస. ఇలా చేస్తే మేలు జరుగుతుంది, అలా చేస్తే కీడు జరుగుతుంది అన్నవాళ్లది మధ్య వరస. మంచి మనిషి అయితే ఇలాగే చేస్తుంది అన్నవాళ్లది తలుపు పక్క వరస. చెప్తానన్న పిల్లా చెప్పనన్న పిల్లా ఒకే వరసలో పక్కపక్కన కూర్చుని ఒకరినొకరు ఎగాదిగా చూసుకునేవారు. ఆయన మూడు వరసలనూ ఉతికి ఆరేసేవారు. కట్టుబాటు వరసను, "కట్టు పెట్టినోడే తప్పు పెడితేనో?" అని అడిగేవారు. మంచిమనిషి వరసను, "మంచిదో కాదో తేల్చేదెవరు, అద్దమా?" అని ఏడిపించేవారు. మధ్య వరస మీదికి మాత్రం ఒంటికాలి మీద లేచేవారు. "ఫలం చూసుకుని నిజం సెప్పినోడు రేపు ఫలం చూసుకునే అబద్ధం ఆడతాడు" అనేవారు. బల్ల గుద్ది మరీ చెప్పేవారు.

ఒకసారి బడి వదిలాక వరండాలో నేను నా అనుమానం బయటపెట్టాను. ఏ వరసలో కూర్చున్నా కూర్చోవడం తేలికే కదా, తీరా సమయం వచ్చినప్పుడు మనిషిని కదిలించేది ఏది అన్నాను. ఆయన నా మాటకు మురిసిపోయారు. "కదిలించడానికి వేరే ఏటీ అక్కర్నేదు భారతీ. నిజంగా తెలిస్తే సాలు. తెలిసినోడు సెయ్యకుండా ఉండలేడు. సెయ్యనేదంటే వాడికింకా తెలీలేదనే" అన్నారు. ఎంత బాగుందో అనుకుని నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మురిపెం మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆ తరగతిలో గంగి అని ఒక దోర్లా పిల్ల ఉండేది. పదిహేనేళ్లు. ఇంట్లో దోర్లీ అయినా, సరిహద్దు ఊరు కావడంతో తెలుగు గలగలా మాట్లాడేది. మాస్టారి ప్రశ్నలకు ఎదురు ప్రశ్న వేయగలిగింది ఆ పిల్ల ఒక్కతే. ఆయనకు గంగి అంటే ప్రాణం. పెద్దయ్యాక నర్సో టీచరో కాదు, జడ్జి కావాలని అందరి ముందూ అనేవారు. ఆ పిల్లా అది నమ్మి, ఎవరైనా అడిగితే జడ్జి అవుతానని చెప్పేది.

ఆ ఏడు ఉగాదికి మాస్టారికి పిల్లలందరికీ పచ్చడి పెట్టాలని బుద్ధి పుట్టింది. గీదం నుంచి బెల్లం, వేపపువ్వు, బుట్టెడు పచ్చి మామిడికాయలు తెప్పించారు. అక్కడి ఊళ్లలో ఒక ఆచారం ఉంది. మామిడి పండుగ చేసి, పెద్దలకూ దేవుడికీ తొలి కాయ పెట్టేదాకా ఊళ్లో ఎవరూ కొత్త కాయ నోట పెట్టరు. రాలిన కాయ కాలికి తగిలినా పక్కకు జరుగుతారు తప్ప తీసుకోరు. ఆ పండుగ ఉగాది దాటిన నెలకో, ఇంకా తర్వాతో వస్తుంది. ఈ సంగతి దోర్నపాల్‌లో పెరిగిన నాకు తెలుసు. ముప్పై ఏళ్లు ఆ అడవిలో పనిచేసిన ఆయనకు ఇంకా బాగా తెలుసు. తెలుగువాళ్లం మాకు పచ్చడి తిననిదే ఏడాది మొదలు కాదు, వాళ్లకు పండుగ కానిదే కాయ కాయ కాదు. రెండూ తెలిసి కూడా నేను గిన్నె పట్టుకుని వరసన వడ్డిస్తూ పోయాను. పిల్లలు ఆకులు ముందు పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు.

గంగి లేచి నిలబడింది. "ఇందుల మామిడికాయ ఉందా సార్?"

"ఉంది. తినీ."

"మా పండుగ గాలే సార్."

"కాకముందు తింటే దేవుడు కొడతాడేటి? కొడితే నన్ను కొట్టమను. భయపడి ఆగడం నీతి కాదని ఎన్నిసార్లు సెప్పాను?"

"భయం గాదు సార్. ఊరంత ఆగుతది. నేనొక్కదాన్నే ఎట్ల తింట?"

మాస్టారి కళ్లు మెరిశాయి. నా వైపు తిరిగి, "చూసేవా, ఏ వరసకూ దొరకని మాట సెప్పింది" అన్నారు. ఆ పిల్ల చెప్పింది మాట కాదని, అడ్డుపడుతోందని ఆయన బుర్రకు తట్టలేదు. మెచ్చుకుంటూనే తన చేత్తో ఇంత పచ్చడి ఆమె ఆకులోంచి తీసి నోటికి అందించారు. అంతగా ప్రేమించే సార్ చెయ్యి చాపితే పిల్ల ఏం చేస్తుంది? తిన్నది. ఆమెను చూసి మిగతావాళ్లూ తిన్నారు. నేను గిన్నె లోపల పెట్టి వచ్చాను. ఆ పూట ఒక్క మాట అని ఉంటే ఇదంతా రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఏప్రిల్ చివర సెలవులకు పిల్లలు ఇళ్లకు వెళ్లారు. గంగి ఊరి నుంచి మా బడిలో పదిమంది ఉండేవారు. పండుగ నాడు తొలి కాయ కొయ్యబోయే ముందు ఊరి పెద్ద అందరినీ నిలబెట్టి, ఎవరైనా ముందే రుచి చూశారా అని అడిగాడట. బయట చదువుకునే పిల్లలను మరీ మరీ అడిగాడట. తొమ్మిదిమంది నేల చూపులు చూశారు. గంగి ముందుకొచ్చి, తిన్నాను, ఉగాది నాడు బడిలో పెడితే తిన్నాను అని చెప్పింది. పండుగ ఆగిపోయింది. తప్పు దిద్దుకునే పూజ చేసి, మళ్లీ మంచిరోజు చూసేదాకా కాయ ముట్టడానికి లేదు. ఈలోపు గాలిదుమారం వచ్చి చెట్లను దులిపేసింది. ముక్కలు కోసి ఎండబెట్టి ఏడాదంతా దాచుకునే కాయ చెట్ల కింద కుళ్లుతుంటే ఊరంతా చూస్తూ కూర్చుంది. ఏ ఇంటి పెద్దమ్మ గంప చూసినా ఖాళీయే. ఆ కోపమంతా గంగి ఇంటి మీదికి మళ్లింది.

జూన్‌లో బడి తెరిస్తే ఆ ఊరి పిల్లలు ఒక్కరూ రాలేదు. ఊరివాళ్లు పంచాయతీ కార్యదర్శి చేత రాయించిన ఫిర్యాదు మీద మాస్టారికి నోటీసు వచ్చింది. పండుగకు ముందు పిల్లల చేత కాయ తినిపించిన మాట నిజమేనా అని అందులో అడిగారు. రెండు రోజుల తర్వాత ఆయన నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి ఒక కాగితం ముందుకు తోశారు. హిందీలో ముత్యాల్లాంటి అక్షరాలతో రెండు వాక్యాలు. ఉగాది నాడు మా బడిలో ఇచ్చిన పచ్చడిలో మామిడికాయ వెయ్యలేదు. పిల్లలు బయట ఎక్కడైనా తిని ఉంటే మాకు తెలియదు.

"సాచ్చి సంతకం నువ్వు పెట్టాల" అన్నారు.

"మామిడికాయ వేశాం కదా సార్. వడ్డించింది నేనే."

"వేసేం. కాదన్నానేటి? వేసేమని రాస్తే ఏటవుతాదో తెలుసా? గొడవ పెద్దదవుతాది, బడి మూసెస్తారు. నూట పాతికమంది ఆడపిల్లలు ఇంటికెల్లిపోతారు, మళ్లీ రారు. ఒక పిల్ల మాట పోతాది, ఇంతమంది చదువు నిలబడతాది. నువ్వే సెప్పు."

"ఫలం చూసుకుని నిజం చెప్పినవాడు..." అని మొదలుపెట్టాను. "నా పాఠం నాకే సెప్పకు" అని కసిరారు. ఆయన నన్ను కసరడం అదే మొదటిసారి. నా ప్రొబేషన్ ముగియడానికి ఇంకా నాలుగు నెలలుంది. ఆ నాలుగు నెలలూ ఆయన కలం కింద ఉన్నాయి. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నూట పాతికమంది కోసం అని మనసులో గట్టిగా అనుకుంటూ సంతకం పెట్టాను. చెయ్యి వణికిందని రాసుకుంటే కాస్త ఊరటగా ఉండేది గానీ వణకలేదు, సంతకం చక్కగా కుదిరింది.

వారం తిరక్కుండానే పైనుంచి ఒక అధికారి ఆ ఊరికి విచారణకు వచ్చాడు. మాస్టారు ఒంట్లో బాగోలేదని బడిలోనే ఉండిపోయారు. దోర్లీ వచ్చిన మనిషి కావాలని నన్ను తీసుకెళ్లారు. ఊరి పెద్ద ఇంటి ముందు పందిరి కింద జనం కూర్చున్నారు. అధికారి హిందీలో ఉత్తరం చదివాడు. నేను లేచి ఆ రెండు వాక్యాలనూ దోర్లీలో చెప్పాను. నా నోటితో, వాళ్ల భాషలో, వాళ్ల పిల్ల అబద్ధం ఆడిందని చెప్పాను. ఊరి పెద్ద గంగి వైపు తిరిగి దోర్లీలోనే అడిగాడు.

"నీ సార్ పెట్టలేదని రాసిండంట. నువ్వేమో పెట్టిండంటివి. అడవిల నువ్వే కోసుక తిని బడి మీద పెట్టినవా?"

గంగి ఆయన వైపు చూడలేదు. నన్నే చూస్తూ, దోర్లీ వదిలి బడిలో మాట్లాడే తెలుగులో అడిగింది. "గిన్నె పట్టుకోని పెట్టింది నువ్వే గద మేడం?"

"చిట్ఠీలో ఉన్నది చెప్తున్నా గంగీ" అన్నాను. ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, కూర్చుంది. పక్కనున్న తొమ్మిదిమంది తలలు వంచుకున్నారు. పెట్టలేదని సార్ రాసిచ్చాక, మేమూ తిన్నామని చెప్పే ధైర్యం వాళ్లకు ఎక్కడి నుంచి వస్తుంది? గంగి తండ్రి పందినీ కోళ్లనూ ఇచ్చి తప్పు దిద్దుకుని ఊరితో కలిశాడు. తొమ్మిదిమంది మళ్లీ బడికి వచ్చారు, పది పాసయ్యారు. అందులో ఒకామె ఇప్పుడు నర్సు, సంతలో కనిపిస్తే నవ్వుతుంది. గంగి మళ్లీ బడి మొహం చూడలేదు. మాస్టారు శనివారం గంట మానేశారు.

ఆయన రిటైరై కిరందుల్‌లో తమ్ముడి ఇంట్లో ఉంటున్నారని తెలిసి కొన్నేళ్ల తర్వాత వెళ్లాను. చక్కెర జబ్బుతో ఒక కాలికి కట్టు ఉంది. ఇనుప రాయి నింపుకున్న గూడ్సు బండి వెళ్తుంటే కిటికీ అద్దాలు దడదడలాడాయి. అది దాటేదాకా ఆగి అడిగాను, అలా ఎందుకు రాశారు సార్ అని.

"నూట పాతికమంది..." అని మొదలెట్టి ఆగిపోయారు. "అది తర్వాత దొరికిన మాటమ్మా. ముందు సెయ్యి రాసీసింది. భయమేసింది. రిటైర్మెంటుకు రెండేళ్లుంది, పెన్షన్ ఆపీస్తారని భయపడిపోనాను. అంతే."

"తెలిసినవాడు చెయ్యకుండా ఉండలేడన్నారు."

"తప్పు సెప్పాను. నాకు బాగా తెలుసు. తెలిసీ సెయ్యనేదు."

ఇద్దరం వెళ్లి ఆ ఊళ్లో చెప్దాం, జీపు నేను మాట్లాడతాను అన్నాను. ఆయన కాలు చూపించారు. నేను ఇంకా అడుగుతూనే ఉంటే, "మరి నువ్వెందుకు పెట్టేవు సంతకం?" అన్నారు. మీరు అడిగారని అన్నాను. "నేనడిగితే నూతిలో దూకీస్తావేటి?" అన్నారు. ఒళ్లు భగ్గుమంది. వాళ్ల మరదలు తెచ్చిన టీ ముట్టకుండా లేచి వచ్చేశాను. ఆ తర్వాతి వానల్లో ఆయన పోయారు. కబురు తెలిసినా వెళ్లలేదు.

ఉత్త దొంగ మాస్టారైతే థూ అని మరచిపోయేదాన్ని. వాగు దాటింది కూడా ఆయనే. ప్రాణానికి భయపడని మనిషి పెన్షన్‌కు భయపడ్డాడు. నీళ్లలో కట్టుబాటు, కాగితం మీద ఫలం, వరండాలో జ్ఞానం. ఎక్కడ ఏది పనికొస్తే అక్కడ దాన్ని వాడుకున్నాడు. ఇన్ని సిద్ధాంతాలు తెలిసిన ఆయనను చివరికి నడిపింది ఏ సిద్ధాంతమూ కాదు. నన్నూ అంతే. ఈ సంగతి తెలిశాక నాకు మంచి మాటల మీదే ఒక విసుగు వచ్చేసింది. ఎవరైనా తాము చేసిన పనికి గొప్ప కారణం చెప్తుంటే, అసలు కారణం ఎక్కడ దాచారా అని వెతుకుతాను. అందరికన్నా ముందు నాలో వెతుకుతాను, దొరుకుతుంది కూడా.

మూడేళ్ల కిందట గంగి ఊరికి వెళ్లాను. ఇద్దరు పిల్లల తల్లి. ఇంటి ముందు చింతపండు గింజ తీస్తూ ఉంది. నన్ను గుర్తుపట్టి మంచం వాల్చింది, నీళ్లిచ్చింది. మాస్టారు పోయారని చెబితే కాసేపు గింజలు తీయడం ఆపింది. నన్ను తొలుస్తున్న మాట అడిగాను. పదిమంది తింటే, ఆ రోజు నువ్వొక్కదానివే ఎందుకు చెప్పావు?

"పెద్దాయన అడిగిండు, చెప్పిన. ఎందుకు ఏంది మేడం?"

ఆమెను ఏ వరసలో కూర్చోబెట్టాలో మాస్టారికీ తెలిసేది కాదు. ఊరి పెద్దను పిలిపించు, పచ్చడిలో కాయ వేశామని, పెట్టింది నేనేనని ఇప్పుడైనా చెప్తాను అన్నాను. గంగి చేతులు దులుపుకుని నా వైపు తిరిగింది.

"ఎవరి కోసం చెప్తనంటున్నవ్?"

నేను ఆమె ఇచ్చిన నీళ్లు తాగాను.

"నా కోసమైతే వద్దు. ఊరు మరిచింది. నువ్వొచ్చి తవ్వితే మళ్ల నా పేరే నలుగుర్ల పడ్తది, నా పిల్లలు వింటరు. నీ కోసమైతే ఈడ గాదు మేడం. ఆ చిట్ఠీ పోయిన ఆఫీసుల చెప్పుకో."

ఆ ఉత్తరం వెళ్లిన ఆఫీసులోనే నేను ఇప్పుడు బదిలీ మీద పనిచేస్తున్నాను. రోజూ పదింటికి వెళ్తాను. పాత ఫైళ్ల బీరువా నా కుర్చీ వెనకే ఉంది, తాళంచెవి నా సంచిలోనే ఉంటుంది. మా పైఅధికారి గది నా గదికి నాలుగు అడుగులు. ఇంతవరకు నోరు విప్పలేదు. ఇదంతా ఇప్పుడు తెలుగులో రాస్తున్నాను. మా ఆఫీసులో తెలుగు చదవగలిగినవాళ్లు నేను తప్ప ఎవరూ లేరు.